ఆవిరి స్టేషన్‌లో లేపండి

ఆ లైన్లో స్టేషన్లకు బోర్డుల మీద రాసిన పేర్లు వేరు, జనం నోళ్ళలో నలిగే పేర్లు వేరు. రైలు మొదలయ్యే చోటు పంపుల స్టేషన్. ఒకప్పుడు అక్కడ నీళ్ళ పంపులుండేవట. ఇప్పుడు వాటి సిమెంటు దిమ్మలు మాత్రం మిగిలి, రైలు కోసం కాచుకున్నవాళ్ళకు పీటలయ్యాయి. తర్వాతది గోదాముల స్టేషన్. అది దాటి రెండు మలుపులు తిరిగి, మురికికాలవ మీద వంతెన దాటితే ఆవిరి స్టేషన్. ప్లాట్‌ఫారాన్ని ఆనుకునే పెద్ద లాండ్రీ ఉంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. దాని గొట్టంలోంచి పొద్దస్తమానం ఆవిరి పోతూనే ఉంటుంది. చలిగా ఉన్న రోజుల్లో ఆ ఆవిరి ప్లాట్‌ఫారం మీదికి దిగి, రైలు దిగినవాళ్ళ మొహాలు తడిపి, ఒంటికింత సబ్బు వాసన అంటించి పంపుతుంది. అక్కణ్ణించి ఇంకా బోలెడు స్టేషన్లు పోతే నగరం నడిబొడ్డున లైను ఆగిపోతుంది. ఆ స్టేషన్‌ని మాత్రం అందరూ 'చివర' అనే అంటారు.

కునుకమ్మ పంపుల స్టేషన్లో ఎక్కి ఆవిరి స్టేషన్లో దిగుతుంది. ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు, రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో పెట్టింది. సీటుకు నడుం ఆనించిందంటే చాలు, రైలు కదలకముందే ఆమె కళ్ళు మూతపడతాయి. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. కునుకమ్మ నిద్ర అయితే పక్కావిడ మోచెయ్యి పొడుచుకుంటున్నా, నెత్తి మీద ఎవరి సంచో ఊగుతున్నా ఎరగదు.

అలా నిద్రపోగలగడానికి ఆ పెట్టెలో ఒక కట్టుబాటు ఉంది. నిద్రపోయినవాళ్ళను వాళ్ళ స్టేషన్ దాటనివ్వకూడదు. ఎప్పుడో ఒక నర్సమ్మ అలిసిపోయి నిద్రపోయి, దిగాల్సిన చోటు దాటి చివరదాకా వెళ్ళిపోయిందట. ఆ రోజు ఆసుపత్రిలో ఆమె తిన్న తిట్లు పెట్టెలో ఎవరికీ అరగలేదు. అప్పటినుంచి ఎవరు ఎక్కడ దిగుతారో ఒక్కసారి చెబితే చాలు, మళ్ళీ చెప్పక్కర్లేదు. వాళ్ళ స్టేషన్ దగ్గరపడగానే ఎవరో ఒకరు మోకాలు తడతారు, ఒళ్ళోని సంచి తీసి చేతికిస్తారు, మోచెయ్యి పట్టుకుని గుమ్మందాకా నడిపిస్తారు. లేచిన మనిషి కళ్ళు తెరవకపోయినా ఫరవాలేదు. ఆవిరి వాసన తగిలాక ఎలాగూ తెరుచుకుంటాయి.

కునుకమ్మను లేపేది చిటపట. ఆ పిల్లకు నోట్లో నువ్వుగింజ నానదు, మాట మొదలుపెడితే నూనెలో నీళ్ళు పడ్డట్టే. లాండ్రీలో ఇద్దరూ ఒకే ఇస్త్రీ రోలర్ దగ్గర జోడీ. తడిదుప్పటి ఒక కొస ఒకరు, రెండో కొస ఒకరు పట్టుకుని, ముడత లేకుండా సాగదీసి, కాగే రోలర్ నోటికి అందించాలి. ఒకరు ఒక్క క్షణం వెనకబడ్డా దుప్పటి వంకరపోతుంది, వేళ్ళు కాలతాయి. రోజంతా అదే పని, నిలబడే. ఆ హాలుకు సూపర్‌వైజరు పెద్దక్క. ఆమె కూడా అదే పెట్టెలో వస్తుంది, కిటికీ పక్క సీటులో. పెద్దక్క ఎక్కువ మాట్లాడదు, ఎక్కువ నవ్వదు. చేతికి మాత్రం మోచేతిదాకా పాత కాలిన మచ్చలు.

కునుకమ్మ భర్త చివర స్టేషన్ దగ్గర ఒక ఆఫీసు భవనానికి రాత్రి వాచ్‌మన్. పొద్దున ఆయన దిగే రైలే కాసేపు ఆగి, ఆమెను ఎక్కించుకుని వెనక్కి వెళుతుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మొగుడూ పెళ్ళాలు మెలకువగా కలుసుకునేది ఎక్కువగా ఆ ప్లాట్‌ఫారం మీదే. ఆయన దిగుతాడు, ఆమె తాళంచెవి చేతిలో పెడుతుంది.

"పొయ్యి మీద మూతపెట్టి ఉంచా. చల్లారితే వేడి చేసుకో."

"నువ్వు తిన్నావా?"

"రైల్లో తింటాలే."

రైల్లో తినదని ఆయనకు తెలుసు, నిద్రపోతుందని తెలుసు. అయినా తల ఊపుతాడు. సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన బయల్దేరుతుంటాడు, తాళంచెవి మళ్ళీ ఆమె చేతికి వస్తుంది. రెండో తాళంచెవి చేయించుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. స్టేషన్ మెట్ల కిందే తాళాలు బాగుచేసేవాడు కూర్చుంటాడు. అయినా చేయించలేదు. చేయిస్తే ప్లాట్‌ఫారం మీద ఆగడానికి ఆ కాస్త వంకా ఉండదు. ఈ సంగతి ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

అలాంటి వాళ్ళకు ఒక కబురు తెలిసింది. చివర దగ్గర ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్‌కి ఒక జంట కావాలట. భర్త గేటు చూసుకోవాలి, భార్య దుప్పట్లూ సామాన్లూ చూసుకోవాలి. ఉండటానికి లోపలే ఒక గది ఇస్తారు. గది అన్న మాట దగ్గరే కునుకమ్మ ఆగిపోయింది. రైలెక్కే పని లేదు. ఒకే గుమ్మం, ఒకే పొద్దు, ఒకే రాత్రి. హాస్టల్ వార్డెన్ ఫోన్లో ఒక్క మాటే చెప్పింది: "పొద్దున తొమ్మిదింటికి ఇద్దరూ కలిసి రండి. ఒక్కరొస్తే మాట్లాడేది లేదు. ఇంకో జంట కూడా వస్తానన్నారు." ఆయన డ్యూటీ దిగి అటునుంచి అటే వెళ్ళి అక్కడ ఉంటానన్నాడు. ఆమె రైల్లో వచ్చి కలవాలి.

ఈ సంగతి కునుకమ్మ ఎవరికీ చెప్పలేదు. చిటపటకి చెబితే గోదాముల స్టేషన్ వచ్చేలోపు పెట్టె మొత్తానికి తెలుస్తుంది. పెద్దక్కకు తెలిస్తే ఏమవుతుందో కూడా కునుకమ్మకు భయమే. వెనకటికి ఒకామె వేరే పని చూసుకుంటున్నానని ముందే చెప్పుకుంది. యాజమాన్యం ఆమె రోలర్ దగ్గర ఇంకొకర్ని నిలబెట్టింది, కొత్త పని కూడా ఆమెకు రాలేదు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అని లాండ్రీలో ఇప్పటికీ ఆమెను తలుచుకుని నవ్వుతారు.

అందుకే ఆ పొద్దున వేరే పెట్టె ఎక్కుదామనుకుంది. ఇంట్లో ట్రంకులో దాచిన జత కట్టుకుని, తాళం వేసి, తాళంచెవి సంచి అడుగున పెట్టుకుని బయల్దేరింది. రాత్రంతా నిద్ర లేదు, వార్డెన్ ఏమడిగితే ఏం చెప్పాలో పడుకుని అప్పజెప్పుకుంటూనే ఉంది. ప్లాట్‌ఫారం మీద మనసు అటు పొమ్మంటోంది, కాళ్ళు మాత్రం ఎప్పుడూ ఆగే దిమ్మ దగ్గరే ఆగాయి. ఆ దిమ్మ ఎదురుగానే ఆడవాళ్ళ పెట్టె ఆగుతుంది. గుమ్మంలోంచి చిటపట చెయ్యి చాపి లాగేసింది.

"ఎటు చూస్తున్నావే, నీ సీటు ఇక్కడుంటే? ఓహో, ఏంటీ ముస్తాబు? రోలర్‌కి పెళ్ళిచూపులా?"

"ఉతికినవి ఆరలేదు, అందుకని."

"దుప్పట్ల లాండ్రీలో పనిచేస్తూ బట్టలారలేదంటున్నావు. చేపకు దాహమేసినట్టుంది."

పెద్దక్క కిటికీలోంచి తల తిప్పి కునుకమ్మను ఒకసారి పైనుంచి కిందికి చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. 

కునుకమ్మ కూర్చుంది. ఒక అబద్ధం సిద్ధం చేసుకునే ఉంది, దూరపు చుట్టం ఒకావిడ చివర దగ్గర ఆసుపత్రిలో ఉందని. అయితే అబద్ధం ఎంత ముందు చెబితే అంత దూరం మొయ్యాలి. ఏ చుట్టం, ఏ జబ్బు, ఏ వార్డు అని చిటపట ఊపిరాడనివ్వదు. కాలవ వంతెన దగ్గర చెబుదాం, అక్కడ చెబితే అడిగే టైముండదు అనుకుంది. అప్పటిదాకా మెలకువగా ఉండాలని సంచి పిడిని మణికట్టుకు చుట్టుకుంది. కిటికీలోంచి గాలి తగిలింది. రైలు ఊగింది. గోదాముల స్టేషన్ వచ్చింది అనుకోవడం వరకు గుర్తుంది.

ఆ తర్వాత మోకాలి మీద తట్టు. చేతిలోకి సంచి. మోచేతికి గట్టి పట్టు. "పద పద, లే, వచ్చేసింది." అన్నేళ్ళుగా ఆ ఒంటికి అలవాటైన మూడు గుర్తులు. ఒళ్ళు లేచింది, కాళ్ళు నడిచాయి, గుమ్మం దిగాయి. వెనక రైలు కూత వేసి కదిలింది. చిటపట ఏదో చెబుతూనే ఉంది, కునుకమ్మ ఊ కొడుతూనే ఉంది. కాలిబాట వంతెన మెట్ల సగంలో ఆవిరి మొహానికి కొట్టింది. అప్పుడు కళ్ళు తెరిచింది.

కింద పట్టాలు ఖాళీగా ఉన్నాయి. తన రైలు తోక మలుపు తిరుగుతోంది.

కునుకమ్మ మెట్టు మీద కూలబడింది. వెనక వస్తున్నవాళ్ళు గొణుక్కుంటూ పక్కనుంచి ఎక్కిపోయారు.

"ఏమైందే? కళ్ళు తిరిగాయా?" అంది చిటపట.

చుట్టం, ఆసుపత్రి, వార్డు అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ అబద్ధం చెప్పడానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఆమెకు అది మిగల్లేదు.

"నేను ఇవాళ చివరదాకా పోవాలే. హాస్టల్లో పని ఉందన్నారు, ఆయనకీ నాకూ కలిపి. గది ఇస్తారంట. తొమ్మిదింటికి రమ్మన్నారు. ఆయన అక్కడ కూచున్నాడు."

చిటపట నోరు తెరిచి, మాట రాక, మళ్ళీ మూసింది. ఆ పిల్ల అలా నిలబడటం కునుకమ్మ అంతకుముందు చూడలేదు.

"నేనే లేపాను" అంది చివరికి.

"రోజూ లేపేదానివే కదా. నీ తప్పేముంది?"

"నువ్వు పోతే నా దుప్పటి రెండో కొస ఎవరు పడతారే?" అనేసి, వెంటనే, "అది కాదులే. ముందు నువ్వు లే. తర్వాతి రైలు వస్తుంది, పద" అని చెయ్యి పట్టి లాగింది.

రెండు మెట్లు పైన పెద్దక్క ఆగి వింటోంది. కునుకమ్మ ఆమె మొహంలోకి చూడలేక కాళ్ళ వైపు చూసింది. లాండ్రీ నేల తడికి పగిలిన మడమలు.

"అక్కా, చెప్పకుండా..."

"చెప్పుకుంటూ పోతే పని ఇచ్చేదెవరు?" అంది పెద్దక్క. "పోయినేడు నేనూ పోయొచ్చా ఒక చోటికి. వయసెక్కువన్నారు. చేతులు చూపించమని, చూసి, సరే కబురు చేస్తామన్నారు." ఒక మెట్టు దిగి వచ్చింది. "ఒంట్లో బాలేదని రాస్తాలే. పని దొరికితే దొరికినట్టు. లేకపోతే మధ్యాహ్నానికి వచ్చేయ్, పూటైనా దక్కుతుంది. ఇంకోసారి ఎక్కడ లేపాలో చెప్పి పడుకో."

వాళ్ళిద్దరూ వంతెనెక్కి వెళ్ళిపోయారు. చిటపట మాత్రం మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచింది, ఎవర్నో గుద్దుకుని మాట కూడా పడింది.

కునుకమ్మ కిందికి దిగి బెంచీ మీద కూర్చుంది. అన్నేళ్ళు దిగిన ప్లాట్‌ఫారం మీద అలా ఖాళీగా కూర్చోవడం అదే మొదలు. ఊడ్చేవాడు ఆమె కాళ్ళు ఎత్తించి మరీ ఊడ్చి పోయాడు. భర్తకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. రాత్రి డ్యూటీలో చప్పుడు రాకుండా పెట్టుకుంటాడు, మళ్ళీ మార్చడం మర్చిపోయి ఉంటాడు. వార్డెన్‌కి చేస్తే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వచ్చింది.

తర్వాతి రైలు కిక్కిరిసి వచ్చింది. ఎలాగో ఒక కాలు గుమ్మంలో పెట్టి దూరింది. అంతా బాగానే వెళ్ళి, చివర కనిపిస్తుండగా సిగ్నల్ లేక ఆగిపోయింది. ప్లాట్‌ఫారం రేకులు కనబడుతున్నాయి, గడియారం గుండ్రం కనబడుతోంది, దిగి నడిచినా చేరేంత దూరం.  ఇలా ఆగడం పెట్టెలో అందరికీ అలవాటే. చెమట మెడ వెనకనుంచి వీపు మీదికి దిగుతుంటే కునుకమ్మ రాత్రి అప్పజెప్పుకున్న జవాబులు ఒక్కొక్కటే గుర్తు చేసుకోబోయింది. ఒక్కటీ రాలేదు.

హాస్టల్ స్టేషన్ వెనక సందులో ఉంది. గేటు తీసే ఉంది. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో ఆమె భర్త నిద్రపోతున్నాడు. యూనిఫాం గుండీలన్నీ పెట్టుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, నోరు కాస్త తెరిచి. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కోసం ఆపిందే కాబోలు, దాని మీద తన డబ్బా సంచి పెట్టాడు.

లోపలినుంచి కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుంటూ వార్డెన్ వచ్చింది. గొంతు తగ్గించే మాట్లాడింది.

"ఎనిమిదిన్నరకే వచ్చాడమ్మా పాపం. మీరు వస్తున్నారనే చెప్పాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పడిపోయాడు. రాత్రంతా డ్యూటీ అన్నాడు కదా, లేపబుద్ధి కాలేదు నాకు."

"ఫోన్ చేశానమ్మా, ఎత్తలేదు."

"మా ఓనరు సారు వచ్చాడు, చూశాడు. గేటు కాయడానికి వచ్చినవాడు గేటు దగ్గరే నిద్రపోతున్నాడేంటి అన్నాడు. నేను సర్దిచెప్పేదాన్నే, మీరు కూడా ఉంటే. ఈలోపు రెండో జంట టైముకి వచ్చారు." ఆమె చేతిలో తాళాల గుత్తి ఉంది, అందులో ఒకటి తక్కువైనట్టు వేళ్ళతో తడుముతోంది. "ఏమనుకోకండి."

వసారా చివర గది తలుపు తెరిచి ఉంది. ఎవరో ఆవిడ అప్పుడే చీపురు పట్టుకుని మూలలు ఊడుస్తోంది. ఒక కిటికీ, గోడకు గట్టు, రెండు మేకులు. కిటికీలోంచి రైలు పట్టాలు కనబడతాయేమోనని కునుకమ్మ చూసింది. కనబడవు. వెనక గోడే ఉంది. ఎంత బాగుండేదో అనుకుంది.

ఒకచోట జాలిపడి లేపారు, ఒకచోట జాలిపడి లేపలేదు. ఎవర్నని ఏం లాభం. భర్త దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడి లేచి, ఎదురుగా ఉన్నది పెళ్ళామని కూడా చూడకుండా టోపీ పెట్టుకుని సర్దుకుని నిలబడ్డాడు.

"నిద్రపోలేదు సార్. కళ్ళు మూసుకున్నానంతే."

"నేనే" అందామె. "పద, పోదాం."

ఆయన గది వైపు చూశాడు, ఊడుస్తున్న ఆవిడను చూశాడు, వార్డెన్ చేతిలో గుత్తి చూశాడు.  వసారా మెట్లు దిగాక, "నువ్వు రాగానే మొహం కడుక్కుందామనుకున్నా" అన్నాడు.

"నేనూ నిద్రపోయాలే. దించేశారు నన్ను."

ఆయన ఆగి ఆమెను చూసి, అంత అలసటలోనూ నవ్వాడు. "సరిపోయింది. జోడీ కుదిరిందని అందుకే అన్నారు మన పెళ్ళిలో."

ఎండ ముదిరాక వెనక్కి వెళ్ళే రైలు ఖాళీగా ఉంది. ఆ వేళ ఆ లైన్లో రైలు నడుస్తుందని వాళ్ళిద్దరికీ వినికిడే. పక్కపక్కన కూర్చున్నారు. ఆమె తన సంచిలోంచి అన్నం డబ్బా తీసి విప్పింది, ఇద్దరూ చెరికాస్త తిన్నారు. రైల్లో ఆమె తినడం ఆయన చూడటం అదే మొదటిసారి. ఆ మాట ఆయన అందామని నోరు తెరిచి, తెరిచిన నోటితోనే ఆవలించి, ఆమె భుజం మీద తల వాల్చేశాడు.

ఆమెకు నిద్ర రాలేదు. అలవాటు లేని వేళ. స్టేషన్లు ఒక్కొక్కటీ వచ్చి ఆగి పోతున్నాయి. కాసేపటికి గాలిలో సబ్బు వాసన వచ్చింది. ఆవిరి స్టేషన్. పూటైనా దక్కుతుందన్న పెద్దక్క మాట గుర్తొచ్చింది. రోలర్ దగ్గర దుప్పటి ఒక కొస పట్టుకుని చిటపట ఎవరితోనో తంటాలు పడుతూ ఉంటుంది. దిగితే దిగొచ్చు. ఎవరూ తట్టకపోయినా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి, చెయ్యి సంచి పిడి వెతుక్కుంది. భుజం మీద తల బరువుగా కదిలి, మళ్ళీ కుదురుకుంది.

ఆమె కూర్చునే ఉంది. రైలు కదిలింది.

కాలవ వంతెన తర్వాత దారి ఎలా ఉంటుందో ఆమె వెలుతురులో ఎప్పుడూ చూడలేదు. పొద్దున నిద్ర, సాయంత్రం జనం వీపులు. ఇప్పుడు చూసింది. రేకుల ఇళ్ళు, తీగల మీద బట్టలు, ఒక ముసలాయన మంచం బయట వేసుకుని పట్టాల వైపే చూస్తూ ఉన్నాడు. పెద్దగా ఏమీ లేదు. అయినా కళ్ళు తిప్పుకోకుండా చూసింది.

పంపుల స్టేషన్ దగ్గరపడింది. ఆమె ఆయన మోకాలు తట్టింది. టోపీ తీసి చేతిలో పెట్టింది. మోచెయ్యి పట్టుకుని గుమ్మందాకా నడిపించింది. ఆయన కళ్ళు సగమే తెరిచి దిగాడు, దిమ్మ దగ్గర ఆగాడు, అలవాటు ప్రకారం తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

ఆమె సంచి అడుగునుంచి తాళంచెవి తీసి ఇచ్చింది.

"జాగ్రత్త" అన్నాడు ఆయన, ఇంకా నిద్రలోనే. "రైల్లో తిను."

"ఇవాళ నేనూ ఇంటికే" అందామె.